అద్దం ఏదో తెలియకుండా సుత్తి కొనొద్దు

వానలు మొదలయ్యాయంటే కార్ల సామాన్ల దుకాణాల్లో ఎర్ర ప్లాస్టిక్ సుత్తులు వేలాడతాయి. ఒక పక్క అద్దం పగలగొట్టే ఇనుప మొన, ఇంకో పక్క సీటు బెల్టు కోసే బ్లేడు. కొని డ్యాష్‌బోర్డు అరలో, పాత ఇన్సూరెన్స్ కాగితాల కింద పడేస్తే జాగ్రత్త పడ్డట్టే అనుకుంటాం. ఆ సుత్తి పనికొస్తుందా రాదా అన్నది దుకాణంలో తేలదు. మీ కారు డోరుకున్న అద్దం ఏ రకమో చూస్తేనే తేలుతుంది.

మన పాత వరంగల్ జిల్లా దిక్కున కారు నీళ్లలో పడేందుకు దారులు చాలానే ఉన్నాయి. వాగుల మీద ఎత్తు తక్కువ కాజ్‌వేలు, మత్తడి దుంకినప్పుడు మునిగే చెరువు కింది రోడ్లు, కాకతీయ కాలువ గట్ల మీది రోడ్లు, ఒడ్డుకు గోడ లేని వ్యవసాయ బావులు. 2020 అక్టోబరులో సంగెం మండలం గవిచర్ల దగ్గర జీపు బావిలో పడింది. 2023 జులైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ఊరినే ముంచింది. 2024 సెప్టెంబర్ 1న మరిపెడ మండలంలో ఆకేరు వాగు కారును ఊడ్చుకుపోయింది, ప్రాణాలు పోయాయి. వాగు, కాలువ, బావి మూడింటిలో నీళ్లు ఒకే తీరుగా ఉండవు. వాగు కారును పక్కకు నెట్టి బోర్లేస్తుంది. కాలువలో కారు తేలుతూ కొంత దూరం పోతుంది, బయటపడ్డా సిమెంటు వాలు మీద పాచికి కాలు నిలవదు. బావిలో ఇంజిను బరువుకు ముక్కు కిందికి పోయి నిలువునా దిగుతుంది. ఎక్కడ పడ్డా బయటికి దారి మాత్రం కిటికీయే.

డోరు ఎందుకు కాదో చిన్న లెక్కతో తెలుస్తుంది. మీటరు వెడల్పు డోరుకు బయట 60 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లుండి లోపల ఇంకా పొడిగా ఉంటే, ఆ నీళ్లు డోరును దాదాపు 180 కిలోల బలంతో లోపలికి నొక్కుతుంటాయి. ఎంత కండ ఉన్నవాడైనా కూర్చున్న చోటి నుంచి దాన్ని తోయలేడు. లోపల కూడా నీళ్లు నిండి రెండు వైపులా సమానమైతే డోరు తెరుచుకుంటుందన్న మాట నిజమే. అంతదాకా ఊపిరి బిగబట్టి ఆగాలనడం మాత్రం చెడ్డ సలహా. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ మనుషుల్ని కూర్చోబెట్టి కార్లను నీళ్లలో ముంచి చూశారు. కారు అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా తేలుతుంది, నీళ్లు కిటికీ అంచుకు చేరేలోపు అద్దం సులువుగా దిగుతుంది, ఆ తర్వాత దిగదు. మీకున్న సమయం ఆ ఒక్క నిమిషమేనని లెక్కేసుకోండి.

అందుకే మొట్టమొదటి పరికరం పవర్ విండో బటన్. నీళ్లు తగలగానే కరెంటు పోతుందన్న భయంతో చాలామంది దాన్ని ముట్టుకోరు. మొదటి నిమిషంలో అది మామూలుగా పనిచేస్తుంది. పని ఆగిపోయేది ఎక్కువగా నీటి ఒత్తిడికి అద్దం గాడిలో బిగుసుకుపోవడం వల్ల. సుత్తి, స్ప్రింగుతో అద్దం పగలగొట్టే పంచ్ లాంటివన్నీ బటన్ మొరాయించినప్పటికే. హ్యాండిల్ తిప్పి అద్దం దించే పాత కార్లకు ఈ విషయంలో దిగులు తక్కువ.

ఇక అద్దం సంగతి. కారులో రెండు రకాల అద్దాలుంటాయి. ముందు అద్దం లామినేటెడ్: రెండు పలుచని అద్దాల మధ్య గట్టి ప్లాస్టిక్ పొర. కొడితే సాలెగూడులా పగుళ్లిస్తుంది గానీ ఊడిరాదు, మీ చేతిలో ఏ పరికరమున్నా దాని జోలికి పోవద్దు. పక్క డోర్లకూ వెనక అద్దానికీ మామూలుగా టఫెన్డ్ గ్లాసు వాడతారు, దాన్నే టెంపర్డ్ అని కూడా అంటారు. దాన్ని 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, గాలి కొట్టి గభాలున చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడి బిగుసుకుంటుంది, లోపలి భాగం ఆలస్యంగా చల్లారుతూ దాన్ని లోపలికి గుంజుతూనే ఉంటుంది. అందుకే పిడికిలితో గుద్దినా మోచేత్తో పొడిచినా చలించని అద్దం, పైపొరను చీల్చే సన్నటి గాటు ఒక్కటి పడితే చాలు, క్షణంలో మొత్తం చిన్న చిన్న పలుకులై రాలుతుంది. అంటే దీనికి కావలసింది బలం కాదు, అద్దం కన్నా గట్టి మొన.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఈమధ్య ఖరీదైన కార్లలో బయటి చప్పుడు వినబడకుండా పక్క డోర్లకూ లామినేటెడ్ అద్దాలు పెడుతున్నారు. ముందు రెండు డోర్లకు అదీ, వెనక డోర్లకు టఫెన్డూ ఉండటం మామూలే. అమెరికాలో వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2019లో ఆరు పరికరాలను, మూడు స్ప్రింగువి, మూడు సుత్తులు, పరీక్షించింది. వాటిలో నాలుగు టెంపర్డ్ అద్దాన్ని పగలగొట్టాయి. లామినేటెడ్ అద్దాన్ని ఒక్కటీ చీల్చలేదు. అది పగుళ్లిచ్చినా చోటు వదల్లేదు. టెంపర్డ్ మీద సుత్తుల కన్నా స్ప్రింగువే మేలనిపించాయి.

మీ కారు సంగతి తేల్చడానికి ఐదు నిమిషాలు చాలు. ప్రతి అద్దం కింది మూలలో చిన్న ముద్ర ఉంటుంది: తయారు చేసిన కంపెనీ పేరు, మన భారత ప్రమాణం ఐఎస్ 2553 గుర్తు, లేదా 43ఆర్ అని మొదలయ్యే అంకెలు. చాలావాటి మీద టెంపర్డ్, టఫెన్డ్, లామినేటెడ్ అన్న మాట ఇంగ్లిషు అక్షరాల్లో నేరుగా రాసి ఉంటుంది. నాలుగు డోర్లవీ, వెనకదీ విడివిడిగా చదవండి, ఒకటి చూసి మిగతావీ అంతే అనుకోవద్దు. యాక్సిడెంటు తర్వాత మార్చిన అద్దం వేరే కంపెనీది కావచ్చు. మాట కనబడకపోతే అద్దాన్ని సగం దించి, పై అంచు మీద ఫోన్ లైటు వేసి చూడండి. టఫెన్డ్‌కు అంచు ఒకే ముద్దలా కనిపిస్తుంది. లామినేటెడ్‌కు రెండు అద్దాల నడుమ సన్నటి గీత ఉంటుంది, బిస్కెట్ మధ్య క్రీము తీరుగా. వేలితో తట్టి చప్పుడును బట్టి చెప్పేస్తామనేవాళ్లను నమ్మొద్దు.

అన్నీ టఫెన్డ్ అని తేలితే ఏ పక్కనుంచైనా దారి ఉన్నట్టే. ముందు డోర్లు లామినేటెడ్ అయితే మీ దారి వెనక డోరో వెనక అద్దమో. ఇంట్లో అందరికీ ఆ సంగతి ఇప్పుడే చెప్పి ఉంచాలి, నీళ్లలో పడ్డాక చెప్పే తీరిక ఉండదు. అన్నీ లామినేటెడ్ అయితే పరికరం మీద ఆశ వదిలేసి, బటన్ నొక్కడంలో ఒక్క సెకను కూడా ఆలస్యం చేయకూడదని గుర్తుంచుకోండి. లామినేటెడ్‌ను కోసే రంపాలు ఫైర్ సిబ్బంది దగ్గర ఉంటాయి, అవి బయట నిలబడి చేసే పనికి.

పరికరాలు. సుత్తికి రెండు లోపాలున్నాయి. డ్రైవరు సీటులో బెల్టుతో కూర్చుని కిటికీకి చెయ్యి చాపితే, ఊపడానికి మిగిలే జాగా మూరెడు కూడా ఉండదు. దానికి తోడు, చెయ్యి నీళ్లలో మునిగాక సుత్తికి వేగం రాదు. గాల్లో పగిలే అద్దమే నీళ్లలో ఠప్పుమని చప్పుడు చేసి ఊరుకుంటుంది. స్ప్రింగ్ పంచ్‌కు ఊపు అక్కర్లేదు. బొటనవేలంత పరికరం, మొనను అద్దానికి ఆనించి నొక్కితే లోపలి స్ప్రింగు ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా విడిపడి మొనను విసురుతుంది. నీళ్లలోనూ అంతే బలంతో కొడుతుంది. చేతిలో సత్తువ తక్కువున్న పెద్దవాళ్లు కూడా మీదికి ఒరిగి బరువు వేస్తే సరిపోతుంది. కార్లకు మేం చెప్పేది ఇదే. సుత్తి పెట్టుకోవాలనుంటే పెట్టుకోండి, పంచ్‌తో పాటుగా.

హార్డ్‌వేర్ దుకాణాల్లో ఫిట్టర్లు ఇనుము మీద గుర్తు పెట్టుకునేందుకు వాడే ఆటోమేటిక్ సెంటర్ పంచ్ కూడా అద్దాన్ని పగలగొడుతుంది, సూత్రం ఒకటే. కాకపోతే అది జానెడు పొడవుంటుంది, పైన మూత తిప్పి స్ప్రింగు బిగువు సరిచేయాలి, బెల్టు కోసే బ్లేడు ఉండదు. వర్క్‌షాపులో ఇనుము మీద అరిగిన పాతదాన్ని కారులోకి మార్చుకోవద్దు.

కొనేటప్పుడు మొన చూడండి. టంగ్‌స్టన్ కార్బైడ్ అయితే మంచిది. మామూలు ఇనుముకు బంగారు రంగు పూత పూసి అమ్మేవి చాలా ఉన్నాయి, రెండు మూడు దెబ్బలకే మొన మొద్దుబారుతుంది. టార్చి, దిక్సూచి, పవర్‌బ్యాంకు, అయస్కాంతం అన్నీ ఒకే దాంట్లో ఉన్న పది పనుల పరికరం మీదికి మనసు పోనివ్వకండి. చీకట్లో, తడి చేత్తో పట్టుకుంటే ఏ చివర ఏముందో తెలియదు. పంచ్ చివరను, బ్లేడు చివరను కళ్లు మూసుకుని వేలితో గుర్తుపట్టగలగాలి. దుకాణంలోనే కళ్లు మూసుకుని చూడండి, నవ్వేవాళ్లు నవ్వనీ.

బెల్టు కోసే బ్లేడును చాలామంది పట్టించుకోరు, కానీ మోసం ఎక్కువ జరిగేది అక్కడే. సీటు బెల్టు పాలిస్టర్ నేత, దాదాపు 5 సెంటీమీటర్ల వెడల్పు. బ్లేడు కూర్చున్న గాడి బెల్టు మందం పట్టేంత ఉండాలి, వేలు దూరేంత ఉండకూడదు. చవకవాటిలో బ్లేడు గాడిలో కదులుతుంది, సగం కోశాక బెల్టు మడతపడి ఇరుక్కుంటుంది. పాత కార్ల విడిభాగాలు అమ్మేచోట మూరెడు పాత బెల్టు అడిగి తెచ్చుకుని ఒకసారి కోసి చూడండి. ఒక కొస కాలి కింద తొక్కిపట్టి బిగువుగా లాగి, అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఒక్క గుంజుతో కోయాలి. వదులు బెల్టును ఏ బ్లేడూ కోయదు. కారులోనూ అంతే: బొడ్డు దగ్గర కాదు, భుజం మీద బిగిసి ఉన్నచోట మొదలుపెట్టాలి. ఆ పైన నడుం మీది పట్టీ వదులుగా జారిపోతే సరే, లేకపోతే అది కూడా కోయాలి. అసలు కోయాల్సిన అవసరం అరుదుగానే వస్తుంది. ముందు ఎర్ర బటన్ నొక్కండి. కారు బోర్లాపడి మనిషి బెల్టుకు వేలాడుతుంటే ఆ బటన్ బరువుకు బిగుసుకుంటుంది, బ్లేడు పని అప్పుడు. తల కిందులుగా ఉంటే కోసేముందు ఒక చెయ్యి పైకప్పుకు ఆనించుకోవాలి, లేకపోతే మెడ మీద పడతారు.

హెడ్‌రెస్ట్ ఊడదీసి దాని ఇనుప కడ్డీలతో అద్దం పగలగొట్టొచ్చని, కంపెనీలు వాటిని అందుకే అలా చేశాయని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. కంపెనీలు వాటిని ఎత్తు సరిచేసుకోవడానికి చేశాయి. కడ్డీని అద్దానికీ డోరుకూ మధ్య సందులో దింపి గుంజితే అద్దం పగలొచ్చు, ఏమీ లేనప్పుడు అదీ ఒక ప్రయత్నమే. కానీ చవక మోడళ్లలో హెడ్‌రెస్ట్ సీటుతో కలిసే ఉంటుంది, మిగతావాటిలో సీటు కవర్లు తొడిగాక దాన్ని ఊడదీసే బటన్ కవరు కిందికి పోతుంది. నిమిషంలో అరవంతు ఆ బటన్ వెతకడానికే పోతుంది.

పరికరం ఎక్కడ పెట్టాలన్నది దాన్ని ఎంచుకోవడమంత ముఖ్యం. బెల్టు పెట్టుకుని, వెన్ను సీటుకు ఆనించి, చెయ్యి చాపితే అందాలి. కారు బోర్లాపడినా ఉన్నచోటే ఉండాలి. డ్యాష్‌బోర్డు అర ఈ రెంటికీ పనికిరాదు, డ్రైవరుకు అందదు, గుద్దుకుంటే మూత ఇరుక్కుంటుంది. డోరు జేబులో పెడితే నీళ్ల సీసాల మధ్య నుంచి ఎటో జారిపోతుంది. తాళం చెవుల గుత్తికి తగిలించే పద్ధతి చెవి తిప్పి స్టార్ట్ చేసే కార్లకు బాగుంటుంది, బటన్ స్టార్ట్ కార్లలో చెవి జేబులోనో బ్యాగులోనో ఉంటుంది. గేరు పక్కనున్న కన్సోల్ గోడకు, డ్రైవరు మోకాలి దగ్గర, క్లిప్పును చిన్న స్క్రూలతో బిగిస్తే మేలు. జిగురు టేపు వద్దు. మే నెలలో బయటే 44 డిగ్రీలుంటే మూసి నిలబెట్టిన కారు లోపల జిగురు కరిగి జారుతుంది, మీరు దాన్ని చూసేది తర్వాత వానల్లో. ఎయిర్‌బ్యాగ్ మూతల మీద, డోరు పైన కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ దారిలో ఏదీ తగిలించకండి, విచ్చుకునేటప్పుడు తూటాలా ఎగిరి తగులుతుంది. వెనక సీటుకు రెండోది కావాలి. పిల్లల చేతికి అందకుండా, పెద్దవాళ్లకు అందేలా ముందు సీటు వెనక పైభాగంలో. స్ప్రింగ్ పంచ్ పిల్లలకు ఆటబొమ్మలా కనిపిస్తుంది, ఒక్క నొక్కుకు డోరు అద్దం పోతుంది. మూత ఉన్నదే కొనండి.

కిటికీ దగ్గర మనం తగిలించేవన్నీ కూడా ఒకసారి చూడాలి. ఎండకు పెట్టే అయస్కాంతం జాలీ తెరలు పంచ్‌కూ అద్దానికీ మధ్య అడ్డుపడతాయి, ముందు పీకి పారేయాలి. కూలింగ్ ఫిల్మ్ అంటించిన అద్దం పగులుతుంది గానీ రాలదు, పలుకులన్నీ ఫిల్మ్‌కు అంటుకుని దుప్పటిలా వేలాడతాయి. పగిలిన వెంటనే పై అంచు దగ్గర మోచేత్తోనో కాలితోనో బయటికి తోస్తే మడత పడి ఊడుతుంది. బయట కిటికీ పైన వానకు పెట్టే ప్లాస్టిక్ రెయిన్ వైజర్ సందును కొంత చిన్నది చేస్తుంది. లావుగా ఉన్నవాళ్లకు ఆ కొంతే ఎక్కువ.

ఇక వాడే తీరు. బెల్టులు విప్పండి. బటన్ నొక్కి అద్దం దించండి. దిగకపోతే పంచ్. అద్దం నడిమధ్య కాదు, అక్కడ అది కాస్త వంగి దెబ్బను మింగుతుంది. కింది మూలలో, రెండు అంచులకు నాలుగు వేళ్ల దూరంలో మొన ఆనించి, ముఖం పక్కకు తిప్పి, కళ్లు మూసి నొక్కాలి. మొన జారకుండా అద్దానికి నిటారుగా ఉండాలి, ఏటవాలుగా పెడితే స్ప్రింగు వదిలినా గాటు పడదు. మొదటి నొక్కుకు పగలకపోతే రెండు వేళ్లు పక్కకు జరిపి మళ్లీ నొక్కండి. కిటికీ బయట ఇప్పటికే నీళ్లుంటే, పగలగానే పలుకులతో సహా నీళ్లు మీదికి దూకుతాయి. ఒక చేత్తో సీటునో పైన పట్టుకునే హ్యాండిల్‌నో గట్టిగా పట్టుకుని ఉండాలి, లేకపోతే అవతలి డోరుకు కొట్టుకుపోతారు. పిల్లలు ముందు, వాళ్లలోనూ పెద్దవాళ్లు ముందు, చంకబిడ్డ మీతో. కారు లోపల ఫోన్ చేయకండి. 112కు మాట పూర్తయ్యేలోపు మీ నిమిషం అయిపోతుంది. బయటపడి ఎక్కడైనా నిలదొక్కుకున్నాక అప్పుడు చేయండి. వాగులో అయితే నీటి వేగం తగలని పక్క కిటికీ నుంచి దిగడం సులువు. కాలువలో పాచి వాలుకు ఎదురెక్కబోయి అలసిపోకుండా, నీటితో పాటు పోతూ మెట్లో, తూమో, వంతెన కట్టడమో దొరికేదాకా అంచు పట్టుకుని సాగాలి.

కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే ఇవేవీ అక్కర్లేకుండా చేసే పని ఒకటుంది, బండి వెనక్కి తిప్పడం. పారే నీళ్లు 30 సెంటీమీటర్లుంటే చిన్న కారు తేలి జరుగుతుంది, 60 అయితే పెద్ద ఎస్‌యూవీలకూ పట్టు పోతుంది. మోకాలి లోతే కదా అనిపించే నీళ్లు అవి.

మంటలప్పుడు కూడా ఇదే పరికరం, ఇదే మూల. ఒక తేడా ఉంది: డోరు తెరుచుకుంటే డోరే దారి, కిటికీ జోలికి పోనక్కర్లేదు. వెనక డోర్లకు చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపలినుంచి తెరుచుకోవు, కారులో చిన్నపిల్లలు లేని రోజుల్లో దాన్ని తీసి పెట్టండి.

ఏటా మిరుగం రోజున, చేపలు తేవడానికి బయల్దేరే ముందు, పంచ్‌ను గట్టి చెక్క ముక్క మీద రెండుసార్లు నొక్కి చూడండి. టక్కుమని చప్పుడొచ్చి, చెక్కలో చుక్క లోతుగా పడాలి. చుక్క పలుచగా పడినా, నొక్కితే మధ్యలో ఇరుక్కుని నిదానంగా వదిలినా స్ప్రింగు తుప్పు పట్టిందన్నమాట, మార్చేయాలి. బ్లేడు గాడిలో ఎర్రమరక కనిపించినా అంతే. పనికిరాదని పక్కన పెట్టిన పాతదాన్ని వెంటనే పారేయకుండా పాత అద్దం ఉన్న తుక్కు డోరు ఎక్కడైనా దొరికితే ఇంటిల్లిపాదితో ఒక్కొక్క నొక్కు నొక్కించండి. కళ్లజోడు, చేతికి మందపాటి గుడ్డ తప్పనిసరి, పలుకులు రెండు గజాల దాకా ఎగురుతాయి.